‘ఎగ్జ్యూడ్’ అనే ఇంగ్లీషు క్రియ ఎక్కడ పుట్టింది, దాన్ని తెలుగులో ఏమనాలి?

హన్మకొండ అనువాదకుడు:

సభ్యులందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఒక ముసలమ్మ ఉంటుంది. ఇంట్లో ఆస్తి పంపకాల గొడవ పెద్దదై అందరూ అరుచుకుంటున్నప్పుడు ఆమె మాత్రం గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉంటుంది. ఆ సందర్భంలో రచయిత ఆమె ప్రశాంతతను ‘ఎగ్జ్యూడ్’ చేసిందని రాశారు. నా దగ్గరున్న నిఘంటువు ఆ క్రియకు ‘స్రవించు, కారు, చెమర్చు’ అని అర్థాలిచ్చింది. నేను ‘ఆమె ప్రశాంతతను స్రవించింది’ అని రాసి, మా గ్రంథాలయంలో నెలకొకసారి జరిగే కూడికలో చదివాను. మొదటి బెంచీలో కూర్చున్న పెద్దాయన “ఆ అవ్వకు దెబ్బ ఎక్కడ తగిలింది సార్?” అని అడిగారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు.

ఈ క్రియ అసలు అర్థం ఏమిటి, ఎక్కడి నుండి వచ్చింది, చెట్టు బంకకూ మనిషి ప్రశాంతతకూ ఇంగ్లీషువారు ఒకే మాట ఎలా వాడగలుగుతున్నారు, మనం ఎందుకు వాడలేకపోతున్నాం అనేవి నా సందేహాలు. తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరని మనవి.

పదాల వేటగాడు:

అనువాదకులు గారూ, నాకు తోచింది చెబుతాను. ‘ఎక్స్’ అంటే బయటికి అని మనందరికీ తెలుసు. మిగిలినది ‘ఉద’. సంస్కృతంలో ఉదకం అంటే నీరు కదా. కాబట్టి ‘ఎక్స్’, ‘ఉద’ కలిసి నీరు బయటికి రావడం అనే అర్థం వచ్చి ఉంటుంది. లాటిన్, సంస్కృతం అక్కాచెల్లెళ్ళని పెద్దలు చెబుతూనే ఉన్నారు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

కాజీపేట సంస్కృత విద్యార్థి:

వేటగాడు గారి ఊహ చూడటానికి ముచ్చటగా ఉంది, కానీ పదాన్ని విరవవలసిన చోట విరవలేదు. ఈ క్రియ లాటిన్‌లో మొదట ‘ఎక్స్‌సూదారె’. అందులో ‘ఎక్స్’ అంటే బయటికి, ‘సూదారె’ అంటే చెమట పట్టడం. ‘ఎక్స్’ చివర ఎలాగూ ‘స’కారం పలుకుతుంది కాబట్టి దాని వెనుకే వచ్చిన రెండో ‘స’కారాన్ని లాటిన్‌లోనే కొందరు రాయడం మానేశారు. ఇంగ్లీషులో ‘ఎక్స్‌పెక్ట్’, ‘ఎగ్జిస్ట్’ అనే మాటలకూ ఇదే జరిగింది, వాటి లాటిన్ మూలాల్లోనూ ‘ఎక్స్’ తర్వాత మరొక ‘స’కారం ఉండేది. ఆ అక్షరం మాయమైనందువల్లే మనకు ‘ఉద’ అనే భ్రమ కలుగుతున్నది. 16వ శతాబ్దం రెండో సగంలో ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. చెట్టు నుండో శరీరం నుండో తేమ బయటికి రావడమే మొదట దాని పని, గుణాలకూ భావాలకూ అన్వయించడం తర్వాత వచ్చిన అలవాటు.

ఇప్పుడు అసలు ముచ్చట వినండి. లాటిన్‌లో చెమటను ‘సూదొర్’ అంటారు, ఇంగ్లీషులో ‘స్వెట్’, జర్మన్‌లో ‘ష్వైస్’, లాట్వియన్‌లో ‘స్వియెద్రి’, మన సంస్కృతంలో ‘స్వేదం’. ఇవన్నీ ఒకే మూలం నుండి వచ్చినవి. సంస్కృత లాటిన్‌లలోని ‘ద’కారం ఇంగ్లీషుకు వచ్చేసరికి ‘ట’కారం కావడం ఈ భాషల మధ్య నియమంగా జరిగే మార్పు. మన ‘ద్వి’కి లాటిన్‌లో ‘దువొ’, ఇంగ్లీషులో ‘టూ’, మన ‘దశ’కు లాటిన్‌లో ‘దెకెమ్’, ఇంగ్లీషులో ‘టెన్’ ఉన్నట్లే ఇదీ. అంటే ఇంగ్లీషువారి ఇంట్లో ఒకే పదం రెండు వేషాల్లో ఉన్నది. పుట్టుకతో వచ్చిన ‘స్వెట్’ ఒకటి, లాటిన్ నుండి అరువు తెచ్చుకున్న ‘ఎగ్జ్యూడ్’ రెండోది. మన అక్కాచెల్లెళ్ళ మాట నిజమే, కాకపోతే చుట్టరికం కలిసింది ఉదకంతో కాదు, స్వేదంతో.

పాణిని సంప్రదాయంలోని సంస్కృత ధాతువుల పట్టికను ధాతుపాఠం అంటారు. అందులో ఈ స్వేద శబ్దానికి మూలమైన ధాతువును ‘ష్విదా గాత్రప్రక్షరణే’ అని చెప్పారు. గాత్రం అంటే శరీరం, ప్రక్షరణం అంటే కారడం. అక్షరం అంటే క్షరించనిది అని చెప్పుకుంటాం కదా, ఆ క్షరణమే ఇది. ఒళ్ళు తనంతట తాను కారడమే చెమట అని పాణినీయులు అంత చిన్న మాటలో చెప్పిపెట్టారు. ఈ క్రియకు ఇంతకంటె మంచి నిర్వచనం నాకు మరొకటి కనిపించలేదు.

పదాల వేటగాడు:

ఒప్పుకుంటున్నాను. ఉదకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఉచ్చారణ సంగతి కూడా చెప్పండి. మా కాలేజీలో ఒకరు ‘ఎక్సూడ్’ అంటారు, మరొకరు ‘ఎగ్జ్యూడ్’ అంటారు.

కాజీపేట సంస్కృత విద్యార్థి:

‘ఇగ్జ్యూడ్’ అన్నది బ్రిటన్ పలుకు, ‘ఇగ్జూడ్’ అన్నది అమెరికా పలుకు. ‘ఎక్స్’ తర్వాత వచ్చే అచ్చును ఒత్తి పలికినప్పుడు ‘క్స్’ అనే ధ్వని ‘గ్జ్’ అవుతుంది. ‘ఎగ్జామ్’, ‘ఎగ్జాక్ట్’ అని మనం ఎలాగూ అంటూనే ఉన్నాం. ‘ఎక్సూడ్’ అనడం తక్కువ.

కరీంనగర్ కాలువల ఇంజనీరు:

చర్చ ఆసక్తికరంగా ఉంది. నాది నీటిపారుదల పని, భాష కాదు, అయినా ఒక సందేహం. ఇంగ్లీషులో ‘ఊజ్’ అనే మాట కూడా ఉన్నది కదా. అది వినగానే నాకు మన ‘ఊట’ గుర్తుకు వస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదా? మా వృత్తిలో ఎక్కువగా వాడే మాట ‘సీప్’. కాలువ గట్టు నుండి నీరు కనబడకుండా పక్క పొలాల్లోకి దిగడాన్ని సీపేజీ అని రిజిస్టర్లలో రాస్తాం. రైతులు మాత్రం ‘జాలు పట్టింది’ అంటారు. శ్రీరాంసాగర్ నుండి వచ్చే కాకతీయ కాలువ పక్కన పల్లపు పొలాలున్న వారికి ఈ మాట ఎవరూ నేర్పనవసరం లేదు. వానలు లేకున్నా మడిలో కాలు దిగబడుతుంది, నాగలి సాగదు, మక్కజొన్న పసుపు పచ్చబడుతుంది. కానీ ఆ నీరు ఎక్కడి నుండి వస్తున్నదో వేలు పెట్టి చూపలేం. చెరువు కట్టకు బుంగ పడితే అది వేరే సంగతి, అక్కడ నీరు ధారగా వస్తుంది, వెంటనే ఇసుక సంచులు వేయాలి. కట్ట వెనుక భాగం ఊరికే చెమ్మగిల్లితే మేము దాన్ని గమనిస్తూ ఉంటాం, భయపడం. మట్టికట్ట అన్న తర్వాత ఎంతో కొంత చెమ్మ దిగడం సహజం. కాబట్టి ధార, ఊట, చెమ్మ అనేవి మా దృష్టిలో మూడు వేర్వేరు మాటలు. ‘ఎగ్జ్యూడ్’ వీటిలో దేనికి దగ్గర?

పరకాల పంతులు:

ఇంజనీరు గారూ, మీరు భాష మీ పని కాదంటూనే మంచి భాష రాశారు. ‘ఊజ్’కూ ‘ఊట’కూ చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో ‘వోస్’ అనే మాటకు చెట్టు రసం అని అర్థం, దాని మొదట్లో ఉన్న ‘వ’కారం కాలక్రమంలో రాలిపోయి నేటి ‘ఊజ్’ అయింది. బురద అనే అర్థంలో వాడే ‘ఊజ్’ మాత్రం ‘వాస్’ అనే వేరొక మాట నుండి వచ్చింది. రెండు వేర్వేరు పదాలు నడిచి నడిచి ఒకే పలుకుబడిలో కలిసిపోయాయి. ‘సీప్’ కూడా పాత ఇంగ్లీషు ఇంటి మాటే. ఈ రెండూ వాళ్ళ పల్లె మాటలనుకోండి, ‘ఎగ్జ్యూడ్’ చదువుకున్నవారు తెచ్చిపెట్టుకున్న మాట. మనం ‘చెమట’ అనడానికీ ‘స్వేదం’ అనడానికీ ఎంత తేడా ఉన్నదో అక్కడా అంతే తేడా ఉన్నది.

మన ‘ఊట’ సంగతి వేరు. అది ‘ఊఱు’ అనే ద్రావిడ క్రియ నుండి పుట్టింది, తమిళంలోనూ ఇదే క్రియ ఇదే అర్థంలో ఉన్నది. పాత తెలుగులో మనం నివసించే ‘ఊరు’ను మామూలు రేఫతోనూ, బావిలో నీరు ‘ఊఱు’టను బండి ఱతోనూ రాసేవారు. ఆ అక్షరం వాడుకలో పోయిన తర్వాత రెండూ ఒకేలాగా కనిపించి పిల్లలను తికమక పెడుతున్నాయి. పాత పుస్తకాల్లో ‘ఊఱగాయ’ అని ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. మామిడి ముక్కకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే తెల్లవారేసరికి ముక్క తన నీరు తానే విడిచి అందులోనే ఊరుతుంది. ముక్కను ఎవరూ పిండలేదు. మన వైపు దీనిని తొక్కు అంటాం కాబట్టి ఆ క్రియ మనకు గుర్తుకు రాదు గాని, మాట పుట్టుక అక్కడే ఉన్నది. నోరూరడం కూడా ఇదే క్రియ. వాగు ఎండినప్పుడు ఇసుకలో చెలిమె తోడి, గిన్నెడు నీరు ఊరేదాకా పక్కన కూర్చున్నవారికి ఈ క్రియలో ఎంత ఓపిక ఉన్నదో తెలుసు.

మీ ప్రశ్నకు జవాబు: ధార కాదు. ఊటకూ చెమ్మకూ నడుమ ఉంటుంది, చెమ్మ వైపు కొంచెం ఎక్కువ.

ఉట్నూరు అడవిబాట:

నేను అటవీ ఉత్పత్తుల పనిలో కొన్నేళ్ళు ఉన్నాను. మా దగ్గర ఇంగ్లీషు కాగితాల్లో ఈ మాట రోజూ కనిపిస్తుంది. తపసి బంక, తుమ్మ బంక, చిరుమాను బంక అన్నింటినీ కలిపి ‘ఎగ్జ్యూడేట్లు’ అని రాస్తారు. అయితే చెట్టుకు బంక ఊరికే చెమటలాగా రాదు. తపసి చెట్టు బెరడు మీద గాటు పెడితే ఆ గాయం నుండి బంక మెల్లగా వచ్చి, గాలి తగిలి, గడ్డకట్టి కన్నీటి బొట్టులాగా నిలుస్తుంది. గాటు లోతుగా పెడితే చెట్టు చచ్చిపోతుంది, పైపైన పెడితే బంక రాదు. ఎంత లోతు పెట్టాలో మా వైపు గోండు, కొలాం పెద్దలకు చేతి కొలత. వేపకూ మునగకూ పురుగు తొలిచినా బంక వస్తుంది. అంటే చెట్టు తన పుండును తానే మూసుకుంటున్నది.

ఇక్కడ తెలుగు ఇంగ్లీషు కంటె సూక్ష్మంగా ఉన్నదని నా అభిప్రాయం. జిల్లేడుకూ మర్రికీ వచ్చేది పాలు, తపసికి వచ్చేది బంక, ఈతకూ తాటికీ వచ్చేది కల్లు. బంక నీటిలో ఉబ్బుతుంది లేదా కరుగుతుంది, గుగ్గిలం జాతివి నీటిలో కరగవు, నిప్పు మీద వేస్తే పొగ వస్తుంది. మనం వచ్చే వస్తువును బట్టి పేరు పెట్టుకున్నాం, వాళ్ళు వచ్చే తీరును బట్టి ఒకే క్రియ పెట్టుకున్నారు. సంస్కృతంలో చెట్టు నుండి వచ్చే ఇటువంటి వాటికి ‘నిర్యాసం’ అనే ఒకే పేరు ఉన్నదని మాకు శిక్షణలో చెప్పారు.

పదాల వేటగాడు:

కల్లు ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, చెట్టు ‘పారింది’ అంటారు గాని ‘ఊరింది’ అనరు ఎందుకని? పొద్దున లొట్టి దించేటప్పుడు గౌడన్నలు అనే మాటలు సేకరిస్తే ఒక పుస్తకం అవుతుంది. మా తాతగారు మోకు కట్టేవారు, ఆయన చెప్పిన ముచ్చట ఒకటి ఉన్నది...

చర్చ నిర్వాహకుడు:

కల్లు ముచ్చట్లకు వేరే చర్చ ప్రారంభించవచ్చు, నేనూ వచ్చి పాల్గొంటాను. ఇక్కడ మాత్రం క్రియనే పట్టుకుని ఉందాం.

నర్సంపేట పత్తి రైతు:

అడవిబాట గారు బంక గురించి రాశారు. పత్తిలోనూ బంక ఉన్నది, పేనుబంక. ఆకు కింద పేలలాంటి పురుగులు చేరి రసం పీల్చి, తీయని జిగురు వదులుతాయి. దాని మీద నల్లని మసి పడుతుంది, చీమలు చేరుతాయి. మనం పురుగుకే బంక అని పేరు పెట్టుకున్నాం. మరి ఆ జిగురును ఆకు ‘ఎగ్జ్యూడ్’ చేసినట్లా, పురుగు చేసినట్లా?

ఇంకొకటి. వరి నారుమడిలో తెల్లవారుజామున ప్రతి ఆకు కొసన ఒక్కొక్క బొట్టు నిలిచి ఉంటుంది. చిన్నప్పుడు మంచు అనుకున్నాం. ఒక వ్యవసాయ శాస్త్రవేత్త వచ్చి అది మంచు కాదు, వేరు రాత్రంతా నీటిని పైకి నెట్టితే ఆకు కొసనున్న సన్నని రంధ్రాల నుండి బయటికి వచ్చినదని చెప్పారు. మంచయితే ఆకంతా తడుస్తుంది, ఇది కొసనే నిలుస్తుంది. ఈ క్రియ దీనికి సరిపోతుందా?

వరంగల్ పాథాలజీ బోధకురాలు:

రైతు గారి రెండో ఉదాహరణకు ఈ క్రియ చక్కగా సరిపోతుంది. మొదటిదానికి సరిపోదు. పురుగు రసం పీల్చి, తనకు పనికిరాని చక్కెరను విసర్జిస్తున్నది, దానికి ఇంగ్లీషులో ‘ఎక్స్‌క్రీట్’ అంటారు. గ్రంథి ఒకదాన్ని తయారు చేసి వదిలితే ‘సెక్రీట్’. ఈ రెండింటి మూలంలో ఉన్న లాటిన్ క్రియకు జల్లెడ పట్టడం అని అర్థం, అంటే ఒకదాన్ని మరొకదాని నుండి వేరు చేయడం. ‘ఎగ్జ్యూడ్’లో జల్లెడ లేదు, చెమట ఉన్నది.

ఇక్కడొక చిక్కు ఉన్నదని నేనే ఒప్పుకోవాలి. మన చర్మంలో సుమారు 20 నుండి 40 లక్షల స్వేద గ్రంథులుంటాయి, అవి నరాల ఆజ్ఞ మేరకు చెమటను తయారు చేసి వదులుతాయి. కాబట్టి శరీరశాస్త్రం ప్రకారం చెమట పట్టడమే అసలు ‘ఎగ్జ్యూడ్’ కాదు, ‘సెక్రీట్’! పదం పుట్టిన ఇంటికే పదం పనికిరాకుండా పోయింది. పేరు పెట్టిన రోమన్లకు గ్రంథుల సంగతి తెలియదు, రంధ్రాల నుండి తేమ రావడమే వారికి కనిపించింది. అయినా ఆ ఆజ్ఞలో మన ఇష్టం ఏమీ లేదు. పరీక్ష హాలులో అరచేయి చెమర్చకుండా ఆపగలిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

మా శాస్త్రంలో ఈ పదానికి చాలా కచ్చితమైన పని ఉన్నది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినప్పుడు సూదితో కొంచెం తీసి పరీక్షిస్తాం. అది ‘ట్రాన్స్యుడేట్’ అయితే రక్తనాళపు గోడ బాగానే ఉన్నదనీ, ఒత్తిడి పెరగడం వల్లనో రక్తంలో ప్రోటీన్ తగ్గడం వల్లనో పలుచని నీరు దిగిందనీ అర్థం. గుండె బలహీనపడినప్పుడు, కాలేయం గట్టిపడినప్పుడు ఇది కనిపిస్తుంది. ‘ఎగ్జ్యుడేట్’ అయితే వాపు వల్ల గోడలోనే సందులు ఏర్పడి ప్రోటీన్లూ కణాలూ కూడా బయటికి వచ్చాయని అర్థం. మన దేశంలో క్షయ దీనికి ఒక ముఖ్య కారణం, న్యుమోనియా, క్యాన్సర్ కూడా కారణాలే. 1972లో రిచర్డ్ లైట్, ఆయన సహచరులు ఇచ్చిన ప్రమాణాలను నేటికీ వాడుతున్నాం. ఆ నీటిలోని ప్రోటీన్‌ను రక్తంలోని ప్రోటీన్‌తో భాగిస్తే 0.5 దాటినా, ఎల్‌డీహెచ్ అనే ఎంజైమును అలాగే భాగిస్తే 0.6 దాటినా, ఆ నీటి ఎల్‌డీహెచ్ రక్తానికి ఉండవలసిన గరిష్ఠ స్థాయిలో మూడింట రెండు వంతులు దాటినా, ఏ ఒక్కటి నిజమైనా అది ‘ఎగ్జ్యుడేట్’. ఇంజనీరు గారి మాటల్లో చెప్పాలంటే ట్రాన్స్యుడేట్ కట్ట చెమ్మగిల్లడం, ఎగ్జ్యుడేట్ కట్టలోనే లోపం రావడం.

పదాల అర్థాలు చూస్తే మాత్రం ఒకటి ‘బయటికి చెమర్చినది’, మరొకటి ‘దాటి చెమర్చినది’. ఇంత తేడా ఆ ఉపసర్గల్లో లేదు, వైద్యులు తమ అవసరానికి పంచుకున్నారు. మా దగ్గరికి వచ్చేవారు ఈ తేడాలతో పని లేకుండా “నెమ్ము చేసింది డాక్టరమ్మా” అంటారు. నెమ్ము అంటే తేమే కదా. పుండు నుండి వచ్చే పలుచని దాన్ని ‘రసి’ అనీ, చిక్కనిదాన్ని ‘చీము’ అనీ వాళ్ళే వేరు చేసి చెబుతారు.

అన్నట్లు, అనువాదకులు గారి అవ్వకు దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగిన పెద్దాయనది తప్పు కాదు. ‘స్రవించింది’ అనగానే నాకూ గాజు పలక మీద నమూనానే కనిపించింది.

హన్మకొండ అనువాదకుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వచ్చిన తర్వాత కూడా నా అవ్వ గడప దగ్గరే కూర్చుని ఉన్నది! చెట్టు, పుండు, కట్ట అన్నీ తేలాయి, మనిషి గుణం తేలలేదు. పైగా మరొక చిక్కు వచ్చింది. పొద్దున ఇంగ్లీషు పత్రికలో ఒక నాయకుడు తమ పార్టీ గెలుస్తుందని విశ్వాసాన్ని ‘ఎగ్జ్యూడ్’ చేశారని చదివాను. ఆయన సభలో మైకు ముందు నిలబడి ఆ మాట చెప్పారు. పక్కనే ఉన్న తెలుగు పత్రిక ‘విశ్వాసం వ్యక్తం చేశారు’ అని రాసింది. తెలుగులో వ్యక్తం చేసినవారు ఇంగ్లీషులో చెమర్చారా?

వార్తల బల్ల:

నేను ఇరవై ఏళ్ళు ఉపసంపాదకుడిగా పని చేశాను, ఆ తప్పు నా చేతుల మీదుగా కూడా వెళ్ళింది కాబట్టి చెప్పే అర్హత ఉన్నది. ‘ఫలానా జరుగుతుందని విశ్వాసాన్ని ఎగ్జ్యూడ్ చేశారు’ అనే వాక్యం మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో బాగా వేళ్ళూనుకున్నది. ‘ఎక్స్‌ప్రెస్’ అని రాయవలసిన చోట, రోజూ అదే మాట రాసి విసుగు వచ్చి, కొంచెం బరువైన మాట కోసం దీన్ని పట్టుకున్నారు. రెండూ ‘ఎక్స్’తోనే మొదలవుతాయి, రెండూ బయటికి తేవడమే, రెండింటి పక్కనా ‘కాన్ఫిడెన్స్’ కూర్చుంటుంది. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

తేడా ఎక్కడ ఉన్నదంటే ‘ఎక్స్‌ప్రెస్’ అంటే లోపల ఉన్నదాన్ని నొక్కి బయటికి తీయడం, చెరకు గానుగలో రసం తీసినట్లు. నోరు తెరిచి చెప్పడం దానికి సరిపోతుంది. ‘ఎగ్జ్యూడ్’ చేసే మనిషి ఏమీ చెప్పనవసరం లేదు, ఆయన నడక, చూపు, కూర్చున్న తీరు చూసి ఎదుటివారికి తెలుస్తుంది. గెలుస్తామని పది సార్లు చెప్పిన నాయకుడి నుదుటి మీద చెమట కనబడిందనుకోండి, ఆయన విశ్వాసాన్ని ‘ఎక్స్‌ప్రెస్’ చేశారు, భయాన్ని ‘ఎగ్జ్యూడ్’ చేశారు. అందుకే బయటి దేశాల ఇంగ్లీషులో ఈ క్రియ తర్వాత గుణం పేరు వస్తుంది గాని, ‘ఫలానా జరుగుతుందని’ అనే ఉపవాక్యం రావడం అరుదు. మన దగ్గర వస్తున్నది. అది మన ఇంగ్లీషు, ఉండనివ్వండి అనేవారితో నాకు పెద్ద పేచీ లేదు, కానీ తెలుగు చేసేటప్పుడు రెండింటినీ గుర్తుపట్టాలి. ఆ తెలుగు పత్రిక ‘వ్యక్తం చేశారు’ అని సరిగ్గానే రాసింది.

పరకాల పంతులు:

వార్తల బల్ల గారు తాళం తీశారు, తలుపు నేను తోస్తాను. ఇంగ్లీషులో మనిషే కర్త, ఆమె దేన్నో చెమరుస్తుంది. తెలుగులో మనం చెమట విషయంలో కూడా మనిషిని కర్త చేయం. ‘నాకు చెమట పట్టింది’, ‘ఒంటి నుండి చెమటలు కారుతున్నాయి’ అంటాం. పట్టేది చెమట, కారేది చెమట, మనిషి ఊరికే ఉంటాడు. నోరూరినా, కళ్ళు చెమర్చినా, ఆకలి వేసినా, కోపం వచ్చినా ఇంతే. మన ప్రయత్నం లేకుండా జరిగేవాటికి మనల్ని కర్తలుగా నిలబెట్టడం తెలుగుకు ఇష్టం ఉండదు. ‘గాత్రప్రక్షరణం’ అన్నప్పుడు కూడా కారుతున్నది ఒళ్ళే. మీ వాక్యం ‘స్రవించింది’ అనే మాట వల్ల కొంత చెడింది, ‘ప్రశాంతతను’ అనే ద్వితీయా విభక్తి వల్ల ఎక్కువ చెడింది. ఆ ‘ను’ తీసివేసి ప్రశాంతతనే కర్తగా కూర్చోబెట్టండి, సగం జబ్బు నయమవుతుంది.

ఇక క్రియ. ఇటువంటి చోట మనకు వాడుకలో ఉన్నవి చూడండి. ‘ఉట్టిపడు’ అనేది కళకూ రాజసానికీ బాగుంటుంది. రామప్ప గుడి మదనికల శిల్పాల ముందు నిలబడినప్పుడు జీవకళ ఉట్టిపడుతోందని ఎవరైనా అంటారు. అది కంటికి కొట్టినట్లు కనిపించేది, గడప దగ్గర తల వంచుకుని కూర్చున్న అవ్వకు నప్పదు. ‘తొణికిసలాడు’ నిండిన బిందె కదిలినప్పటి మాట, ఉత్సాహానికీ ఆత్మవిశ్వాసానికీ తగినది. అవ్వ కదలడం లేదు, కాబట్టి తొణకదు. ‘వెదజల్లు’లో చేయి విసరడం ఉన్నది, విత్తనాలకూ పరిమళానికీ సరే. ఇక పత్రికల్లో, కథల్లో విరివిగా కనిపించేది ‘ముఖంలో ప్రశాంతత తాండవిస్తోంది’ అన్నది. పరమశివుడు జటలు విరబోసుకుని చేసేది తాండవం, దాన్ని ప్రశాంతత చేత చేయించడానికి మనకు మనసెలా ఒప్పిందో నాకు నేటికీ అర్థం కాదు.

వీటన్నింటికంటె పాతది, మెత్తనిది ఒకటి ఉన్నది. ‘చిప్పిలు’. తేనెపట్టు నుండి తేనె చిప్పిలుతుంది, పండిన పండు నుండి రసం చిప్పిలుతుంది, కళ్ళలో నీరు చిప్పిలుతుంది, చూపులో కరుణ చిప్పిలుతుంది. లోపల నిండి, ఎవరూ తాకకున్నా, ధార కట్టకుండా బయటికి రావడం దాని అర్థం. చెట్టు నుండి మనసు దాకా ఒకే క్రియ నడుస్తున్నది కదా, మీరు ఇంగ్లీషులో చూసి అసూయపడినది అదే. మన పెద్దలు వాడుతూనే ఉన్నారు, మనమే నిఘంటువులో మొదటి మాట దగ్గర ఆగిపోతున్నాం.

కరీంనగర్ కాలువల ఇంజనీరు:

‘చిప్పిలు’ మా నాయనమ్మ నోట విన్నాను, బెల్లం కుండ గురించి. వానాకాలంలో బెల్లం చెమ్మ పట్టి కుండ మూతి దగ్గర పాకంలాగా వస్తే ‘చిప్పిల్లింది’ అనేది. ఇంతకాలం అది కుండకు సంబంధించిన మాటే అనుకున్నాను.

కాజీపేట సంస్కృత విద్యార్థి:

ఒక చిన్న చేర్పు, పంతులు గారు అనుమతిస్తే. గొర్రె ఉన్నిలో ఎండిన చెమట జిడ్డుగా ఉంటుంది, దానికి ఇంగ్లీషులో ‘స్వింట్’ అంటారు. ఫ్రెంచి నుండి వచ్చిన ఆ మాట కూడా ‘సూదారె’ బిడ్డే. కొత్త గొంగడి వాసన తెలిసినవారికి ఈ కుటుంబం మొత్తం ఒక్కసారిగా అర్థమైపోతుంది.

హన్మకొండ అనువాదకుడు:

వాక్యం తిరిగి రాశాను. “ఇల్లంతా అరుపులతో అదిరిపోతున్నది. అవ్వ గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నది. ఆమె చేతుల్లో, వంచిన మెడలో నెమ్మది చిప్పిలుతోంది.” ప్రశాంతత అనే మాట ఆ ఇంటికి మరీ ఇస్త్రీ బట్టలాగా అనిపించి ‘నెమ్మది’ అని మార్చాను. సభ్యులు చూసి చెప్పగలరు.

వరంగల్ పాథాలజీ బోధకురాలు:

ఇప్పుడు నమూనా తీయవలసిన అవసరం కనిపించడం లేదు.

వార్తల బల్ల:

బాగుంది. ‘చిప్పిలుతోంది’ అనాలా, ‘చిప్పిల్లుతోంది’ అనాలా? మా బల్ల దగ్గరికి వస్తే దీని మీద అరగంట వాదన జరుగుతుంది.

పరకాల పంతులు:

పాత నిఘంటువుల్లో ఒకే లకారంతో ఉంటుంది, నేటి రాతలో రెండు లకారాలతో ‘చిప్పిల్లు’ ఎక్కువగా కనిపిస్తుంది. ‘చెమ్మగిలు’ మనకు ‘చెమ్మగిల్లు’ అయినట్లే ఇదీ. ఇంజనీరు గారి నాయనమ్మ రెండు లకారాలే పలికింది. ఆ అవ్వ వాక్యానికి ఈ అవ్వ పలుకే పెట్టండి.